చిన్న దీవుల దేశాలు జట్టు కట్టాలంటే: ముందు కలిసి కొనండి, కలిసి అమ్మండి, టారిఫ్‌ల సంగతి తర్వాత

ప్రాంతీయ ఆర్థిక కూటమి అనగానే అందరికీ యూరప్ గుర్తొస్తుంది. ముందు ఫ్రీ ట్రేడ్, దాని మీద కస్టమ్స్ యూనియన్ (బయటి సరుకుకి అందరిదీ ఒకే సుంకం), దాని మీద కామన్ మార్కెట్ (మనుషులూ పెట్టుబడీ కూడా స్వేచ్ఛగా కదలడం), ఆఖర్న ఒకే కరెన్సీ, ఇలా మెట్లెక్కినట్టు ఒక్కోటీ ఎక్కుతూ పోవాలని ఎకనామిక్స్ పుస్తకాల్లో బొమ్మలేసి మరీ చూపిస్తారు. పెద్ద దేశాలకి ఓకే. కానీ 11 వేల జనాభా ఉన్న తువాలుకి, మొత్తం కలిపి 21 చదరపు కిలోమీటర్లుండే నౌరుకి ఈ మెట్లు సెట్ కావు, పైగా బాగా నడుస్తున్న దీవుల కూటముల్ని చూస్తే వాళ్ళు ఈ మెట్లని కిందా మీదా చేసి ఎక్కినట్టు కనిపిస్తుంది. తూర్పు కరీబియన్ దీవులకి ఉమ్మడి డాలర్ 1965 నుంచే ఉంది, కూటమి ఒప్పందం మాత్రం 1981లో రాసుకున్నారు, ఒక దీవి మనిషి ఇంకో దీవికెళ్ళి స్వేచ్ఛగా ఉండి పని చేసుకునే ఏర్పాటు 2011లో వచ్చింది. అంటే ఆఖరి మెట్టు ముందు ఎక్కేశారన్నమాట.

సరే, ఇప్పుడు ఓ ఆరు దీవి దేశాల మంత్రులు మీ దగ్గరకొచ్చి "మేం కలిసి పని చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టమంటారు" అని అడిగారనుకోండి. నేనైతే ఏ వరసలో చెప్తానో ఆ వరసలోనే ఇక్కడ రాస్తున్నా. పరీక్షకి చదివేవాళ్ళకీ, వ్యాసం రాసుకునేవాళ్ళకీ కూడా ఇదే వరస పనికొస్తుంది, ఏ దీవుల కూటమినైనా ఈ ప్రశ్నలేసి చూస్తే అది నిజంగా నడుస్తోందా లేక కాగితాల మీదే ఉందా అనేది తేలిపోతుంది.

ముందు టారిఫ్ టేబుల్స్ మూసేయండి

నేనూ మొదట్లో ఈ తప్పే చేశా, ఏ సరుకు మీద ఎంత సుంకం, అది ఏ ఏడాదికి సున్నా అవుతుంది అని టేబుల్స్ ముందేసుకుని రోజుల తరబడి కూర్చున్నా. తర్వాత తెలిసొచ్చింది ఏంటంటే సుంకం సున్నా చేసినా అక్కడ అమ్ముకోడానికి ఏమీ లేదు. పక్క దీవిలో కూడా అవే అరటిపళ్ళు, అదే కొబ్బరి, అవే చేపలు, అవే బీచ్ హోటళ్ళు. వాళ్ళకి కావాల్సిన బియ్యం, డీజిల్, సిమెంట్, మందులు బయటి నుంచి ఓడల్లో రావాల్సిందే, ఆ ఓడలు కూడా పెద్ద రేవుల నుంచి నేరుగా వస్తాయి తప్ప దీవి నుంచి దీవికి తిరిగేవి తక్కువ.

ఇంకో ఇబ్బంది, చాలా దీవుల ప్రభుత్వాలకి కస్టమ్స్ సుంకమే పెద్ద ఆదాయం. రేపట్నుంచి సుంకం తీసేయండి అంటే ఎల్లుండి టీచర్ల జీతాలకి డబ్బు ఎక్కడిది? దీనికి తోడు జాకబ్ వైనర్ అనే ఆర్థికవేత్త 1950లోనే ఒక హెచ్చరిక చేశాడు, కూటమి లోపల సుంకం లేదు కదా అని బయట చౌకగా దొరికే సరుకుని వదిలేసి లోపల ఖరీదుగా తయారయ్యేది కొనడం మొదలుపెడితే కూటమి వల్ల నష్టమే అని. చిన్న దీవుల్లో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే కూటమి మొత్తంలో ఫ్యాక్టరీలున్నది ఒకటో రెండో దేశాల్లోనే ఉంటుంది, లాభం వాళ్ళకి, ఖరీదు మిగతావాళ్ళకి.

మెలనీసియన్ దేశాల కథ చూడండి. ఫిజీ, పపువా న్యూ గినియా, సోలమన్ దీవులు, వనువాటు, వీళ్ళు 1990లలోనే వాణిజ్య ఒప్పందం చేసుకున్నారు. 2005లో వనువాటు తన దగ్గరున్న చిన్న బిస్కెట్ల పరిశ్రమని కాపాడుకోవాలని ఫిజీ బిస్కెట్లు ఆపేసింది. దానికి ఫిజీ వాళ్ళు వనువాటు కావా ఆపేశారు (కావా అంటే ఒక మొక్క వేరు దంచి నీళ్ళల్లో కలిపి తాగుతారు, అక్కడ పెద్ద వ్యవహారం అది). అసలు నాలుగు దేశాల మధ్య అమ్ముకునేవే నాలుగు సరుకులు, అందులో రెండిటి మీద గొడవ. చివరికి సర్దుకున్నారనుకోండి, కానీ మొదట్లోనే ఈ గొడవల్లోకి దిగితే మిగతా ఏ పనీ ముందుకి కదలదు.

కాగితం మీద రెండు లిస్టులు రాయండి

ఒక పక్క మీ ఆరు దేశాలూ బయటి నుంచి ఏం కొంటున్నాయో రాయండి, ఇంకో పక్క బయటివాళ్ళకి ఏం అమ్ముతున్నాయో రాయండి. రెండు పక్కలా అందరికీ కామన్‌గా ఉన్నవాటి కింద గీత గీయండి. మీ కూటమి అక్కడే పుడుతుంది. ఒకరికొకరు పోటీ అవ్వడానికి కారణమైన పోలికే, బయటివాడితో బేరమాడేటప్పుడు బలం అవుతుంది.

కొనే పక్క నుంచి మందులు తీసుకుందాం. లక్ష మంది కూడా లేని దీవి ఏడాదికి సరిపడా ఇన్సులినో బీపీ మాత్రలో కావాలని ఆర్డర్ పెడితే కంపెనీ వాళ్ళకి అది ఒక ఆర్డర్ లాగే కనిపించదు, ఎక్కువ రేటు చెప్తారు లేదా అసలు జవాబే ఇవ్వరు, డబ్బు లేటుగా వస్తుందన్న భయం ఒకటి. తూర్పు కరీబియన్ దేశాలు (ఓఈసీఎస్ అంటారు, ఆంటిగ్వా, డొమినికా, గ్రెనడా, మోంట్‌సెరాట్, సెయింట్ కిట్స్, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్ ఇందులో మొదటి ఏడు) 1986లో మందులు కలిసి కొనే ఏర్పాటు పెట్టుకున్నాయి. ఎలా నడుస్తుందంటే, ముందు డాక్టర్లు, ఫార్మసిస్టులు కూర్చుని అందరికీ ఒకే మందుల జాబితా తయారు చేస్తారు, బ్రాండ్ పేర్లు కాకుండా జెనరిక్ పేర్లతో. తర్వాత ప్రతి దేశం తనకి ఎంత కావాలో అంచనా చెప్తుంది. అన్నీ కలిపి ఒకే టెండర్. గెలిచిన కంపెనీ ఒక్కో దీవి గోడౌన్‌కి సరుకు పంపుతుంది.

అసలు తాళం ఎక్కడుందంటే డబ్బు దగ్గర. ప్రతి దేశం తన ఏడాది మందుల బడ్జెట్‌లో మూడో వంతు ముందుగానే ఉమ్మడి సెంట్రల్ బ్యాంక్‌లో ఒక ఖాతాలో వేసి ఉంచాలి. సరుకు రాగానే కంపెనీకి ఆ ఖాతాలోంచి చెల్లించేస్తారు, ఖాళీ అయిన మేరకి దేశం మళ్ళీ నింపాలి. కంపెనీకి ఫలానా దేశం ఇస్తుందా ఎగ్గొడుతుందా అన్న టెన్షన్ లేదు, కాబట్టి రేటు తగ్గిస్తుంది. ఇంకో నియమం, టెండర్ అయ్యాక బయట ఎక్కడో రూపాయి తక్కువకి దొరికిందని ఒక దేశం జారుకోకూడదు. ఒక్కడు జారుకుంటే తర్వాతి టెండర్‌లో కంపెనీ మీ అంచనాల్ని నమ్మదు. ఈ నియమం రాసుకోవడం తేలిక, ఆరోగ్య మంత్రికి పాటించడం కష్టం, ఎందుకంటే లోకల్‌గా మందులు దిగుమతి చేసుకునే ఏజెంట్లు ఊరుకోరు కదా.

అమ్మే పక్క: ఒక రోజుకి ఎంత

నాకు ఈ మొత్తం సబ్జెక్ట్‌లో బాగా నచ్చేది ట్యూనా కథ, కొంచెం వివరంగా చెప్తా ఏమనుకోకండి.

పసిఫిక్‌లో కిరిబాటికి భూమి 811 చదరపు కిలోమీటర్లు, సముద్ర ఆర్థిక మండలం (చేపల మీద హక్కు తనదే అయిన సముద్రం) మాత్రం దాదాపు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో ట్యూనా దండిగా ఉంది, పట్టడానికి సొంత ఓడలు లేవు. జపాన్, కొరియా, తైవాన్, అమెరికా ఓడలు వచ్చి పట్టుకుపోయేవి, ప్రతి దేశం విడివిడిగా లైసెన్స్ అమ్మేది, ఓడల వాళ్ళేమో "మీరు ఇంత అడిగితే పక్క దేశం నీళ్ళల్లోకి పోతాం" అనేవాళ్ళు. చేప కూడా ఊరికే ఉండదుగా, ఈ రోజు ఒక దేశం నీళ్ళల్లో ఉంటే రేపు ఇంకో దేశంలో.

1982లో నౌరు ఒప్పందం అని ఒకటి చేసుకున్నారు, మైక్రోనేషియా ఫెడరేషన్, కిరిబాటి, మార్షల్ దీవులు, నౌరు, పలావు, పపువా న్యూ గినియా, సోలమన్ దీవులు, తర్వాత చేరిన తువాలుతో మొత్తం ఎనిమిది. పీఎన్ఏ అని పిలుస్తారు. కానీ అసలు దెబ్బ కొట్టింది 2007లో మొదలైన వెసెల్ డే స్కీమ్‌తో. అమ్మేది చేప కాదు, టన్నులూ కాదు, రోజు. ఒక పర్స్ సీన్ ఓడ (పెద్ద వల చుట్టూ వేసి కింద తాడు బిగించి సంచిలా మూసి లాగే రకం) మన నీళ్ళల్లో చేపల వేటలో ఒక రోజు గడిపితే ఒక రోజు ఖర్చయినట్టు. 50 మీటర్ల కంటే చిన్న ఓడకి అర రోజు, 80 మీటర్లు దాటిన ఓడకి ఒకటిన్నర రోజు లెక్క. ఓడ ఎక్కడుందో శాటిలైట్ ట్రాకింగ్‌లో కనిపిస్తుంది. ఇంజిన్ పాడైంది, తుఫాను వచ్చింది, ఊరికే దాటిపోతున్నాం, కాబట్టి ఈ రోజుని లెక్కలో వేయొద్దు అని ఓడల వాళ్ళు క్లెయిమ్ పెడుతుంటారు, ఆ క్లెయిములు చూడ్డమే ఆఫీసుల్లో ఒక పెద్ద పని.

మొత్తం ఏడాదికి ఇన్ని రోజులు అని పరిమితి పెట్టి ఎనిమిది దేశాలూ పంచుకుంటాయి. ఆ పైన ఒకే కనీస ధర. 2012లో రోజుకి 5,000 అమెరికన్ డాలర్లు, 2014లో 6,000, 2015 నుంచి 8,000. దీని కంటే తక్కువకి ఎవరూ అమ్మకూడదు. 2010లో అందరికీ కలిపి 6 కోట్ల డాలర్లు వచ్చే చోట తర్వాతి పదేళ్ళలోపే 50 కోట్ల దగ్గరికి వెళ్ళింది. సముద్రంలో చేపలు ఎనిమిది రెట్లు పెరగలేదు, ఓడల వాళ్ళు ఒక దేశాన్ని చూపించి ఇంకో దేశాన్ని బెదిరించే దారి మూసుకుపోయింది, అంతే.

ఇంకో రెండు ముడులు కూడా వేశారు. ఈ దేశాల లైసెన్స్ కావాలంటే వీళ్ళ మండలాల మధ్య చిక్కుకున్న అంతర్జాతీయ జలాల్లో చేపలు పట్టకూడదు, లేకపోతే ఓడ గీత దాటి పక్కన నిలబడి ఉచితంగా పట్టుకుంటుంది. ప్రతి పర్స్ సీన్ ఓడలో ఒక అబ్జర్వర్ ఉండాలి. ఇక రోజుల్ని దేశాలు తమలో తాము అమ్ముకోవచ్చు కూడా. ఎల్ నినో వస్తే వేడి నీళ్ళతో పాటు ట్యూనా తూర్పుకి కిరిబాటి వైపు పోతుంది, లా నినా వస్తే పడమర పపువా వైపు వస్తుంది, చేపలు లేని దేశం తన రోజుల్ని చేపలున్న దేశానికి అమ్మేస్తే ఇద్దరికీ డబ్బే. ఇది రాసినోళ్ళెవరో గానీ బుర్రున్నోళ్ళు.

మీ కూటమిలో ట్యూనా లేకపోవచ్చు, కానీ అడగాల్సిన ప్రశ్న అదే: బయటివాడు మనల్ని విడివిడిగా బేరమాడి తక్కువకి కొట్టేస్తున్నది ఏది? దాన్ని ఏ యూనిట్‌లో కొలవొచ్చు? కొలత ఎవరు చూస్తారు?

ఎంతమందిని చేర్చుకోవాలి

తక్కువమంది, ఒకలాంటివాళ్ళు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, ముందు అందర్నీ పిలిచేసి జెండా, లోగో, సెక్రటేరియట్ బిల్డింగ్ అన్నీ రెడీ చేసుకుంటారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

వెస్టిండీస్ అంటే మనకి క్రికెట్ టీమ్. నిజంగానే ఆ పేరుతో ఒక ఫెడరేషన్ ఉండేది, 1958 జనవరిలో పది భూభాగాలతో మొదలైంది. జమైకా అన్నిట్లోకీ పెద్దది, తన డబ్బు, తన నిర్ణయాలు చిన్న దీవుల చేతికి పోతాయని అక్కడి జనానికి అనుమానం, 1961 సెప్టెంబర్‌లో రిఫరెండం పెట్టి బయటికి వచ్చేశారు. ట్రినిడాడ్ నాయకుడు ఎరిక్ విలియమ్స్ పదిలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది సున్నా అని చెప్పి తనూ తప్పుకున్నాడు. 1962 మే 31కల్లా ఫెడరేషన్ మూతపడింది. కానీ గమనించండి, 1928 నుంచి టెస్టులు ఆడుతున్న క్రికెట్ టీమ్ అలాగే ఉంది, 1948లో మొదలైన వెస్టిండీస్ యూనివర్సిటీ అలాగే ఉంది. రాజ్యం పోయింది, పనికొచ్చే ఉమ్మడి సర్వీసులు మిగిలాయి. ఇంతకంటే మంచి ఉదాహరణ నాకైతే దొరకలేదు.

ఆ తర్వాత పెద్దవాళ్ళూ చిన్నవాళ్ళూ కలిసి 1973లో చగ్వారమస్ ఒప్పందంతో కారికామ్ పెట్టుకున్నారు, ఇప్పుడు 15 మంది పూర్తి సభ్యులు (గయానా, సురినామ్, బెలీజ్ అసలు దీవులే కాదు, అయినా ఉన్నాయి). చిన్న దీవులు మాత్రం దాని లోపలే ఉంటూ 1981లో బాసెటెర్ ఒప్పందంతో తమ సొంత చిన్న గుంపు ఓఈసీఎస్ పెట్టుకున్నాయి. గమ్మత్తేంటంటే లోపలి చిన్న గుంపే ఎక్కువ ముందుకెళ్ళింది. కాబట్టి మీ ఆరుగురూ పెద్ద కూటమిలో ఉన్నా పర్లేదు, సొంత చిన్న టేబుల్ ఒకటి వేరే ఉంచుకోండి.

పదవులూ హెడ్డాఫీసులూ మొదటి రోజే పంచుకోండి. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్ళెవరని సామెత ఉంది గానీ ఇక్కడ అందరికీ తలో పల్లకీ ఇవ్వాల్సిందే. కరీబియన్‌లో చూడండి, కారికామ్ ఆఫీసు గయానాలో, డెవలప్‌మెంట్ బ్యాంక్ బార్బడోస్‌లో, కోర్టు ట్రినిడాడ్‌లో, తూర్పు దీవుల సెంట్రల్ బ్యాంక్ సెయింట్ కిట్స్‌లో, ఓఈసీఎస్ ఆఫీసు సెయింట్ లూసియాలో. పసిఫిక్ ఐలాండ్స్ ఫోరమ్‌లో సెక్రటరీ జనరల్ పోస్టు వంతులవారీగా అని నోటిమాట ఒప్పందం ఉండేది, 2021లో మైక్రోనేషియా ప్రాంతంలోని ఐదు దేశాల వంతు అనుకుంటే ఓటింగ్‌లో 9-8తో కుక్ దీవుల మనిషికి వెళ్ళింది, ఆ ఐదూ వెళ్ళిపోతామన్నాయి, 2022లో ఫిజీ రాజధాని సువాలో కూర్చుని వంతుల్ని రాతపూర్వకంగా పెట్టుకున్నాకే చల్లబడింది. యాభై ఏళ్ళ సంస్థ ఒక్క పోస్టు దగ్గర చీలబోయింది. నోటిమాట మీద ఏదీ వదలొద్దు.

ఉమ్మడి డబ్బుకి చెయ్యి తగలకుండా చూడండి

ఏ ఉమ్మడి సంస్థ అయినా ఎలా చస్తుందంటే, సభ్యులు ఏటా ఇవ్వాల్సిన వాటా ఇవ్వరు. తుఫాను వచ్చింది, ఎన్నికలొచ్చాయి, వచ్చే ఏడాది చూద్దాం అంటారు. అందుకే ముందే ఒక మొత్తం పక్కన పెట్టి దానిమీద వచ్చే రాబడితో నడపడం మంచిది. 2005లో మొదలైన కరీబియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్‌కి అలాగే చేశారు, 10 కోట్ల అమెరికన్ డాలర్ల ట్రస్ట్ ఫండ్ పెట్టి దాన్నుంచే జడ్జిల జీతాలు. ఒక ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పిచ్చినా ఆ ప్రభుత్వానికి జీతం ఆపే దారి లేదు.

కరెన్సీ విషయంలో తూర్పు కరీబియన్ డాలర్ 1976 నుంచి ఒక అమెరికన్ డాలర్‌కి 2.70 దగ్గర కదలకుండా ఉంది. 1983లో పెట్టిన ఉమ్మడి సెంట్రల్ బ్యాంక్ ఎనిమిది భూభాగాలకి చూస్తుంది. రహస్యం ఏమీ లేదు, తను జారీ చేసిన డబ్బుకి కనీసం 60 శాతం విదేశీ నిల్వలు ఉండాలని ఒప్పందంలోనే రాశారు, ఏ ఒక్క ప్రభుత్వమూ జీతాలకోసం నోట్లు ప్రింట్ చేయమని అడగడానికి లేదు. పాత నోట్ల మీద సీరియల్ నంబర్ చివర ఏ దీవిదో ఒక అక్షరం ఉండేది, డొమినికాకి డి, గ్రెనడాకి జి, కానీ ఎక్కడైనా చెల్లేది.

అలాగని కొత్తగా కరెన్సీ పెట్టుకోమని మాత్రం నేను చెప్పను. ఆ దీవులకి బ్రిటిష్ కాలం నుంచి ఉమ్మడి నోటు అలవాటు కాబట్టి కుదిరింది. పసిఫిక్‌లో కిరిబాటి, నౌరు, తువాలు ఆస్ట్రేలియన్ డాలర్ వాడతాయి, పలావు, మార్షల్ దీవులు అమెరికన్ డాలర్, వాళ్ళకి ఈ తలనొప్పే లేదు.

తుఫాను రాకముందే ఇన్సూరెన్స్

2004లో ఐవాన్ హరికేన్ గ్రెనడాని కొడితే నష్టం ఆ దేశం ఏడాది జీడీపీకి దాదాపు రెండింతలు. దేశం మొత్తం ఒకే దెబ్బకి పోతే ఆ దేశానికి విడిగా ఇన్సూరెన్స్ ఎవరిస్తారు, ఇచ్చినా ప్రీమియం కట్టగలదా? కానీ కరీబియన్‌లో పదహారు దేశాలు కలిస్తే అందరికీ ఒకే ఏడాది ఒకేసారి దెబ్బ తగలదు. ఆ లెక్క మీదే 2007లో సీసీఆర్ఐఎఫ్ అనే ఉమ్మడి నిధి పెట్టారు. ఇందులో ఇళ్ళు ఎన్ని కూలాయని ఎవరూ వచ్చి లెక్కపెట్టరు. గాలి వేగం ఇంత, భూకంపం తీవ్రత ఇంత, వాన ఇంత అని ముందే రాసుకున్న మోడల్‌లో గీత దాటితే 14 రోజుల్లో డబ్బు. 2024 జూలైలో బెరిల్ హరికేన్ తర్వాత గ్రెనడాకి సుమారు 4.4 కోట్ల డాలర్లు ఇలాగే వచ్చాయి.

ఇందులో ఒక మెలిక ఉంది, మంత్రులకి ముందే గట్టిగా చెప్పండి. నష్టం జరిగినా మోడల్ గీత దాటకపోతే ఒక్క డాలర్ రాదు. మొదటి ఏడాదిలోనే డీన్ హరికేన్ జమైకాని తాకింది, పాలసీ లెక్క ప్రకారం ఏమీ రాలేదు, జనం తిట్టుకున్నారు. అదే ఏడాది నవంబర్‌లో భూకంపం వస్తే డొమినికాకి, సెయింట్ లూసియాకి డబ్బొచ్చింది. అంటే ఇది ఇళ్ళు తిరిగి కట్టుకునే డబ్బు కాదు, మొదటి నెల కరెంటు, నీళ్ళు, జీతాలు ఆగకుండా చూసుకునే డబ్బు. అలా చెప్పి అమ్మితే తర్వాత గొడవలుండవు.

విమానాల జోలికి వెళ్ళేముందు

ఇది తొందరగా ముగిస్తా. దీవి నుంచి దీవికి విమానం లేకపోతే ఏ కూటమీ లేదు, కానీ ఉమ్మడి ఎయిర్‌లైన్ అనేది డబ్బులు తాగే ఏనుగు. కరీబియన్‌లో 1956 నుంచి తిరిగిన లియాట్ చాలా దీవుల్లో దిగేది, డబ్బు పెట్టింది మాత్రం ప్రధానంగా బార్బడోస్, ఆంటిగ్వా, సెయింట్ విన్సెంట్, డొమినికా ప్రభుత్వాలే. మిగతావాళ్ళు ఎక్కి తిరిగారు. 2020లో కూలింది. పసిఫిక్‌లో ఎయిర్ పసిఫిక్‌ని అందరిదీ చేద్దామనుకుంటే నౌరు, సమోవా ఎవరికి వాళ్ళు సొంత విమానాలు పెట్టుకున్నారు, చివరికి అది ఫిజీకే మిగిలి పేరు కూడా ఫిజీ ఎయిర్‌వేస్ అయింది. కాబట్టి కంపెనీ పెట్టకండి, ఏ రూట్‌కి ఎంత సబ్సిడీ, దిగే ప్రతి దీవీ ఎంత కట్టాలి అనేది రాసుకుని ఆ రూట్లు టెండర్‌కి ఇవ్వండి. టికెట్ మీద రెండు పక్కలా వేసే పన్నులు తగ్గిస్తే సగం పని అయినట్టే.

మనుషులు కదలాలి

ఇది రాజకీయంగా కష్టమైన మెట్టు. చిన్న దీవికి పక్క దీవి నుంచి రెండు వేల మంది వస్తే కూడా తేడా తెలుస్తుంది. అందుకే కారికామ్‌లో ముందు గ్రాడ్యుయేట్లు, కళాకారులు, ఆటగాళ్ళు, జర్నలిస్టులు, తర్వాత నర్సులు, టీచర్లు అంటూ విడతలవారీగా స్కిల్స్ సర్టిఫికెట్ మీద వదిలారు. నిదానంగా వెళ్ళడం తప్పు కాదు, కానీ రాసుకున్నది ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దాకా చేరాలి. 2011లో ఒక జమైకా మహిళ బార్బడోస్ వెళ్తే లోపలికి రానివ్వకుండా అవమానకరంగా తనిఖీ చేసి వెనక్కి పంపారు. ఆమె కేసు వేస్తే 2013లో కరీబియన్ కోర్టు ఆమెకి నష్టపరిహారం ఇప్పించి, కూటమి పౌరుడు ఎవరైనా ఇబ్బంది లేకుండా వచ్చి ఆరు నెలల దాకా ఉండొచ్చు, నిరాకరిస్తే కారణం చెప్పాలి అని తేల్చింది. హక్కు ఎప్పుడో ఒప్పుకున్నదే, ఆఫీసర్‌కి ఎవరూ చెప్పలేదు.

బార్బడోస్, బెలీజ్, డొమినికా, సెయింట్ విన్సెంట్ ఈ నాలుగూ 2025 అక్టోబర్ 1 నుంచి తమ మధ్య పూర్తిగా గేట్లు తీసేశాయి. పదిహేను మందీ ఒప్పుకునేదాకా ఆగకుండా సిద్ధంగా ఉన్నవాళ్ళు ముందు వెళ్ళారు. మీరూ ఒప్పందంలో ఈ వెసులుబాటు పెట్టుకోండి. పిల్లల బడి, ప్రాథమిక వైద్యం ఎవరిస్తారనేది కూడా అదే కాగితంలో ఉండాలి, లేకపోతే మనిషి వస్తాడు, కుటుంబం రాదు, ఏడాదికి వెనక్కి పోతాడు.

ఇప్పుడు టారిఫ్‌లు తీయండి

ఇన్నాళ్ళూ కలిసి పనిచేసి కాస్త నమ్మకం కుదిరింది కాబట్టి ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. సుంకం తగ్గించే ముందు వ్యాట్ లాంటి పన్ను ఒకటి నిలదొక్కుకోవాలి, ఆదాయం ఒక చోట తగ్గితే ఇంకో చోట రావాలి కదా. ఫ్యాక్టరీలున్న దేశం లేని దేశాలకి కొంత వెనక్కివ్వాలి, కారికామ్ దీనికోసమే వెనకబడ్డ సభ్యులకి డెవలప్‌మెంట్ ఫండ్ పెట్టింది. సరుకు నాణ్యత పరీక్షలకి అందరికీ కలిపి ఒకే ల్యాబ్, ఒకే స్టాంప్ పెట్టుకోండి, సుంకం తీసేశాక దేశాలు అడ్డుపడేది ఎక్కువగా ఈ పరీక్షల పేరుతోనే.

పక్కనున్న పెద్ద దేశం కూడా ఒప్పందానికి వస్తానంటుంది, వస్తుంది కూడా, సాయం డబ్బుతో పాటు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో పసిఫిక్ దీవులు చేసుకున్న పేసర్ ప్లస్ అనే వాణిజ్య ఒప్పందం 2017లో సంతకమై 2020 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది, కానీ దీవుల్లో అన్నిటికంటే పెద్ద ఆర్థిక వ్యవస్థలు పపువా న్యూ గినియా, ఫిజీ అందులో చేరలేదు. ఇద్దరు పెద్దోళ్ళు బయటుంటే మిగిలినవాళ్ళకి ఒకరితో ఒకరికి కుదిరేది తక్కువ, అవతలి పెద్ద దేశాలతో కుదిరేదే ఎక్కువ. తప్పని కాదు, కానీ దాన్ని దీవుల కూటమి అనుకుని మురిసిపోవద్దు.

సరిహద్దు గొడవ ఏదైనా ఉంటే దాన్ని కూడా ఉమ్మడి ఆస్తి చేయొచ్చేమో చూడండి. మారిషస్, సీషెల్స్ మాస్కరీన్ పీఠభూమి దగ్గర సముద్రపు అడుగు నాదంటే నాదని కొట్టుకోకుండా ఐక్యరాజ్యసమితి కమిషన్ ముందు కలిసి అప్లికేషన్ పెట్టుకున్నాయి, 3,96,000 చదరపు కిలోమీటర్లు వచ్చింది, 2012లో ఇద్దరూ కలిసి చూసుకునేలా ఒప్పందాలు రాసుకున్నారు. విడివిడిగా వెళ్ళుంటే ఇప్పటికీ లాయర్ల ఫీజులే కడుతుండేవాళ్ళు.

రెండేళ్ళ తర్వాత ఏం చూడాలి

ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎన్ని తీర్మానాలు చేశారు అనేది లెక్కలోకి తీసుకోకండి, దీవుల కూటముల్లో వాటికి ఎప్పుడూ కొదవ లేదు. ఎయిర్‌పోర్ట్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసర్‌ని మీ కూటమి పౌరుడికి ఎన్ని నెలలు స్టాంప్ వేస్తారో అడగండి, తడుముకుంటే సర్క్యులర్ అక్కడిదాకా రాలేదని అర్థం. ఫిషరీస్ ఆఫీసులో కనీస ధర కంటే తక్కువకి ఎవరైనా రోజులు అమ్మారా అని అమ్మకాల రిజిస్టర్ చూపించమనండి. తర్వాత అన్నిటికంటే చిన్న దీవిలో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి మందుల స్టోర్‌కి వెళ్ళండి, అరల్లో ఇన్సులిన్ ఉందో లేదో చూడండి, లేకపోతే ఇంక మినిట్స్ పుస్తకాలు తిరగేయడం ఆపేసి, సెంట్రల్ బ్యాంక్‌లో ఉమ్మడి ఖాతాలో తన మూడో వంతు నింపని దేశం ఏదో ముందు కనుక్కోండి.